రెండు వాకిళ్ళ మధ్య

ఈ వారము వాక్యధ్యానమునకు బదులుగా ఒక చరిత్ర చెప్పాలని నాకు భారము కలిగింది. చరిత్ర అన్నాను గనుక రాజుల సంగతి అనుకోకండి. తాగుడుకు బానిసై, దానితోపాటు మతి కూడా చెదిరిన మనిషిని ఎక్కడికి తీసుకొనిపోవాలి? ఈ ప్రశ్నకు మన దేశములో నూట యాభై సంవత్సరములుగా ఎవరెవరు ఏ జవాబు చెప్పారో, ఆ చరిత్ర. అది చెప్పే ముందు నా తప్పు ఒకటి మీ ఎదుట ఒప్పుకోవాలి.

చాలా ఏళ్ళ క్రిందట, భోగాపురం దగ్గర సముద్రపు ఒడ్డున ఉన్న ఒక పల్లె నుండి ఒక తల్లి నా దగ్గరకు వచ్చింది. ఆమె కుమారుడు వేటకు వెళ్ళేవాడు. పగలు, రాత్రి చెవిలో ఎవరో మాట్లాడుతున్నారని, తనను చంపుతామంటున్నారని చెప్పేవాడు. ఆ మాటలు వినబడకుండా ఉండటానికి తాగేవాడు. తాగితే ఒక పూట నెమ్మది, తెల్లారేసరికి ఆ మాటలు ఇంకా గట్టిగా వినబడేవి. ఆమె ముందుగా తాగుడు మాన్పించే చోటికి తీసుకొని వెళ్ళింది. "వీడికి మెంటల్ ఉందమ్మా, ముందు అది బాగు చేయించుకొని రా" అన్నారు. మరో చోట మతికి మందులిచ్చే వైద్యుని దగ్గరకు తీసుకొని వెళ్ళింది. ఆయన, "తాగుతుంటే మందు పని చెయ్యదు, ముందు తాగుడు మాన్పించి తీసుకురా" అన్నాడు. "ఏటి సెయ్యాలయ్యగారూ, ఈ గుమ్మంలోకి రానీరు, ఆ గుమ్మంలోకి రానీరు. మా గుంటడు రెండు గుమ్మాల మధ్య పడి సచ్చిపోతాడు" అని ఆమె ఏడ్చింది.

నేను ఏమి చేశానో తెలుసా? మూడు దినములు ఉపవాస ప్రార్థన పెట్టాను. చుక్క ముట్టకూడదన్నాను. అప్పటికి అతడు వేసుకుంటున్న బిళ్ళలు కూడా పక్కన పెట్టమన్నాను. విశ్వాసము ఉంటే బిళ్ళలెందుకు అని నా ధైర్యము. మొదటి రోజు చేతులు వణికాయి, చెమటలు పట్టాయి. దయ్యము కదులుతున్నది అనుకున్నాము. రెండవ రోజు ఫిట్సు వచ్చింది. మూడవ రోజు గోడ మీద పురుగులు పాకుతున్నాయని, తన ఒంటి మీదికి వస్తున్నాయని కేకలు వేశాడు. అప్పుడు భయపడి జీపులో వేసుకొని విశాఖపట్నం తీసుకొని పోయాము. దేవుని కృప వలన బ్రతికాడు. అక్కడి డాక్టరు నన్ను తిట్టలేదు. "అయ్యగారూ, రోజూ తాగేవాడికి ఒక్కసారిగా ఆపితే ప్రాణం పోవచ్చు. ఈసారి ముందు ఇక్కడికి తీసుకురండి. ప్రార్థన వద్దని నేను అనడం లేదు" అన్నారు. తిట్టినా ఇంత బాధ ఉండేది కాదేమో. ఆ రోజు నుండే ఈ చరిత్రను వెదికి చదవడం మొదలుపెట్టాను.

మన ప్రాంతము నుండే ప్రారంభిద్దాము. విశాఖపట్నానికి 1805లో లండన్ మిషనరీ సొసైటీ వారు వచ్చారు. జార్జి క్రాన్, అగస్టస్ డిగ్రాంజెస్ అనే ఆ ఇద్దరు ఆనందరాయర్ అనే తెలుగు విశ్వాసి సహాయముతో సువార్తలను తెలుగులోనికి తేవడానికి పూనుకున్నారు. క్రాన్ 1809లో, డిగ్రాంజెస్ 1810లో ఈ నేలలోనే నిద్రించారు. ఆ తరువాత అరవై ఏళ్ళకు, 1871లో, అదే ఊరిలో వాల్తేరు దగ్గర మద్రాసు ప్రభుత్వము పిచ్చివారి కొరకు ఒక ఆశ్రయమును తెరిచింది. మనము ఇప్పటికీ "పిచ్చాసుపత్రి" అని ఎగతాళిగా పిలిచే ప్రభుత్వ మానసిక వైద్యశాల మూలము అదే. కళింగాంధ్రలో మతి తప్పిన వారికి తరతరాలుగా అదే పెద్ద దిక్కు.

అప్పటి చట్టము 1858 నాటిది. ఆ చట్టము ప్రకారము దిక్కులేక తిరిగే పిచ్చివానిని పోలీసు పట్టుకొని మేజిస్ట్రేటు ఎదుట నిలబెట్టాలి, ఆయన ఉత్తరువు మీద ఆశ్రయములో పెట్టాలి. రోగి ఆస్పత్రికి వైద్యుని చేతి మీదుగా కాక పోలీసు చేతి మీదుగా వచ్చేవాడు. ఈ ఒక్క సంగతి వలన ఎంత పొరపాటు జరిగిందో మనకు తెలియజేసే ఒక నివేదిక ఉన్నది. దాని దగ్గర కాసేపు ఆగుదాము.

1893లో బ్రిటిషు ప్రభుత్వము గంజాయిని గూర్చి విచారించడానికి ఒక సంఘమును నియమించింది. ఇండియన్ హెంప్ డ్రగ్స్ కమిషన్ అని దాని పేరు. గంజాయి తాగి జనము పిచ్చివాళ్ళయిపోతున్నారని, ఆస్పత్రులు వాళ్ళతోనే నిండిపోతున్నాయని అప్పట్లో ఇంగ్లండు వరకు పుకారు. ఆ సంఘములో ముగ్గురు భారతీయులు కూర్చున్నారు. వారిలో ఒకరు కపుర్తలా రాజకుటుంబములో పుట్టి క్రీస్తును అంగీకరించిన కన్వర్ హర్నామ్ సింగ్. ఆయన కుమార్తె రాజకుమారి అమృత్ కౌర్ స్వతంత్ర భారతదేశపు మొట్టమొదటి ఆరోగ్యమంత్రి అయినారు. ఆ తండ్రీకూతుళ్ళను మన సంఘములలో తలచుకునేవారు తక్కువ.

ఆ సంఘము వారు ఊరక సాక్ష్యములు విని ఊరుకోలేదు. 1892 సంవత్సరములో దేశములోని ఆశ్రయములలో చేరిన 1,344 మంది రికార్డులను ఒక్కొక్కటిగా తిరగవేశారు. 222 మంది పేర్ల ఎదుట "గంజాయి వలన" లేక అటువంటి మత్తు వలన అని వ్రాసి ఉన్నది. ఎవరు వ్రాశారు? రోగిని తెచ్చిన పోలీసు. ప్రతి రోగితో ఒక కాగితము రావాలి, ఆ కాగితములో "కారణము" అని ఒక గడి ఉండేది. ఆ గడి ఖాళీగా ఉంటే పైవారు కాగితము తిప్పి పంపేవారు. పాపము పోలీసుకు ఏమి తెలుసు? మనిషి గంజాయి తాగుతాడని ఎవరైనా అంటే చాలు, అదే కారణమని వ్రాసేసేవాడు. వైద్యుడు ఆ కాగితములోని మాటనే తన పుస్తకములోకి ఎత్తుకునేవాడు. సంఘము వారు జాగ్రత్తగా విచారిస్తే 222 మందిలో 98 మందికే గంజాయికి సంబంధము ఉన్నదనడానికి ఆధారము దొరికింది. ఆ 98 మందిలో కూడా 37 మందికి వేరే కారణము కూడా తోడై ఉన్నది. ఇంటి వారసత్వమో, మరో రోగమో.

ఆ 37 మంది నా మనసును వదలరు. పేర్లు తెలియవు, ఊర్లు తెలియవు. మత్తూ ఉన్నది, రోగమూ ఉన్నది. ఏది ముందు, ఏది వెనుక అని అడిగితే జవాబు లేదు. మన భోగాపురం సహోదరుని వంటి వారు నూట ముప్ఫై ఏళ్ళ క్రిందటే కాగితము మీద కనబడుతున్నారు. గడి మాత్రము ఒక్కటే ఉన్నది. రెండు కారణములు వ్రాయడానికి అందులో చోటు లేదు.

ఇంతమాత్రము చేత గంజాయి మంచిదని నేను చెప్పడం లేదు సుమా. ముఖ్యముగా చిన్న వయస్సులో మొదలుపెట్టి విస్తారముగా వాడే వారిలో మతి చెదిరే రోగము ఎక్కువగా కనబడుతుందని ఆ తరువాతి పరిశోధనలు గట్టిగానే చూపించాయి. మన ఉత్తరాంధ్ర యువకులను గూర్చిన భయము ఉత్త భయము కాదు. అయితే "వీడు తాగినందువలననే ఇలా అయినాడు" అని ఒక్క మాటతో తీర్పు తీర్చేవారు ఆ పోలీసు కాగితమును గుర్తు చేసుకోవాలి.

ఇంకొక చిన్న సంగతి, మన జిల్లాలకు సంబంధించినది. పూర్వము ఉత్తర సర్కారులు బెరిబెరి అనే జబ్బుకు పేరుమోసిన ప్రాంతము. ఇక్కడి సిపాయిలలో ఆ జబ్బును చూసిన మాల్కమ్‌సన్ అనే వైద్యుడు 1835లో మద్రాసులో దానిపై ఒక పుస్తకమే అచ్చు వేయించాడు. బాగా పట్టు వేసిన బియ్యము తినే వారిలో బి1 అనే విటమిన్ లోపించి అది వస్తుందని లోకానికి తెలిసేసరికి చాలా కాలము పట్టింది. ఏళ్ళ తరబడి అన్నము మానేసి తాగేవానికి కూడా అదే విటమిన్ కరువవుతుంది. అప్పుడు మతిమరుపు, తడబాటు, చూపు చెదరడము వస్తాయి. జర్మనీలో వెర్నికె 1881లో, రష్యాలో కోర్సకోవ్ 1887లో ఈ లక్షణములను వర్ణించారు. అందుకే తాగుడు ఆపించే ఆస్పత్రిలో మొట్టమొదట బి1 ఇంజెక్షను ఇస్తారు. పిచ్చి అనుకున్న దానిలో కొంత ఆకలి కూడా ఉండవచ్చునన్నమాట. ఏలీయా ప్రవక్త చావు కోరుకొని చెట్టు క్రింద పడుకున్నప్పుడు దేవుడు మొదట ఆయనకు పెట్టింది రొట్టె, ఇచ్చింది నిద్ర. మందలింపు కాదు.

ఇక మద్యనిషేధము సంగతికి వద్దాము. 1937లో రాజాజీ సేలం జిల్లాలో మొదలుపెట్టిన నిషేధము 1948 నాటికి మద్రాసు రాష్ట్రమంతటా వచ్చింది. ఆంధ్ర రాష్ట్రము ఏర్పడిన తరువాత 1954లో ప్రకాశం పంతులుగారి మంత్రివర్గము ఒక్క ఓటు తేడాతో పడిపోయింది ఈ నిషేధపు వివాదము మీదనే. తరువాత మన తరములో 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో వర్థినేని రోశమ్మ, ఆమెతోటి స్త్రీలు సారా దుకాణమును మూయించారు. చదువు రాని పెద్దలు రాత్రిబడికి వెళ్ళి అక్షరములతో పాటు నేర్చుకున్న ధైర్యమది. 1993 అక్టోబరులో రాష్ట్రమంతటా సారా నిషేధము, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధము వచ్చాయి. 1997లో ఎత్తివేశారు. ఆ తల్లుల పోరాటమును నేను తక్కువ చేయను. ఎన్నో ఇళ్ళలో పొయ్యి వెలిగింది. కానీ ఒక సంగతి చెప్పక తప్పదు. దుకాణము మూసిన నాడు, పదేళ్ళుగా తాగుతున్న మనిషి చేతులు వణికితే ఎక్కడికి వెళ్ళాలో పల్లెలో చెప్పినవారు అరుదు. 2020 మార్చిలో లాక్‌డౌన్ వలన దుకాణములు ఒక్కసారిగా మూతపడినప్పుడు ఇదే బయటపడింది. హైదరాబాదు ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయానికి వణుకుతో, ఫిట్సుతో, లేనివి కనబడుతున్నాయనే భ్రాంతితో జనము వరుస కట్టారు. నేను భోగాపురములో మూడు దినములలో చూసినది రాష్ట్రమంతా ఒక వారములో చూసింది.

ఇప్పుడు సముద్రము అవతలి సంగతి. 1935లో అమెరికాలో ఏక్రన్ పట్టణములో బిల్ విల్సన్ అనే వ్యాపారి, బాబ్ స్మిత్ అనే డాక్టరు, ఇద్దరూ తాగుబోతులే, ఒకరి కథ ఒకరికి చెప్పుకొని తాగకుండా నిలబడ్డారు. ఆల్కహాలిక్స్ అనానిమస్ అనే సహవాసము అలా పుట్టింది. అప్పటి ఆక్స్‌ఫర్డ్ గ్రూపు అనే క్రైస్తవ ఉజ్జీవ సహవాసములో వారు నేర్చుకున్న ఒప్పుకోలు, నష్టపరిహారము, ఇతరులకు సేవ అనే అలవాట్లు దానిలోకి వచ్చాయి. 1957 నుండి మన దేశములో కూడా ఆ కూటములు జరుగుతున్నాయి. ఇంతవరకు మీలో చాలామంది వినే ఉంటారు. వినని భాగము ఏమిటంటే, బిల్ విల్సన్ తాగుడు మానిన పదేళ్ళకు, 1944 నుండి దాదాపు 1955 వరకు, ఘోరమైన కుంగుబాటుతో మంచము దిగలేని దినములు గడిపాడు. లక్షల మందికి దారి చూపిన మనిషి. చుక్క ముట్టలేదు, అయినా చీకటి వదలలేదు. సిగ్గుపడకుండా మానసిక వైద్యుని దగ్గరకు వెళ్ళాడు. తాగుడు మానితే అన్నీ వాటంతట అవే సర్దుకుంటాయి అనేవారికి ఆయన జీవితమే జవాబు. ఆ సహవాసములో కొందరు కొత్తవారితో "డాక్టరు బిళ్ళలు కూడా మత్తే, మానేయి" అని చెప్పేవారు. అది ప్రాణము మీదికి తెస్తున్నదని గ్రహించి, వైద్యుడు వ్రాసిన మందులు మాన్పించడము మన పని కాదని వారే 1984లో ఒక చిన్న పుస్తకము వేశారు. ఈ తప్పు నేనొక్కడినే చేయలేదని చదివినప్పుడు ఒక విధమైన ఓదార్పు, ఒక విధమైన సిగ్గు రెండూ కలిగాయి.

మన దేశములో క్రైస్తవులు చేసిన మంచి పని కూడా చెప్పాలి. స్టాన్లీ జోన్స్ పేరు మీకు తెలుసు. ఆయన 1950లో లక్నోలో నూర్ మంజిల్ అనే మానసిక వైద్యశాలను స్థాపించారు. సువార్తికునికి మతి వైద్యముతో ఏమి పని అని అడిగినవారు అప్పుడు కూడా ఉండి ఉంటారు. స్టాన్లీ జోన్స్ తానే యవ్వనములో పనిభారము వలన నరములు కుప్పకూలి ఆగిపోయిన మనిషి. వేలూరు క్రైస్తవ వైద్య కళాశాల వారు 1957లో బాగాయములో మానసిక వైద్య కేంద్రమును ప్రారంభించారు. అక్కడ రోగిని గేటు దగ్గర అప్పగించి వెళ్ళిపోవడము ఉండదు. ఇంటివారు ఒకరు కూడా ఉండి, వండుకొని, రోగముతో ఎలా బ్రతకాలో నేర్చుకొని పోవాలి. అదే 1950లలో అమృత్‌సర్‌లో డాక్టరు విద్యాసాగర్ ఆస్పత్రి ఆవరణలో గుడారములు వేయించి కుటుంబములను రోగుల దగ్గరే ఉంచారు. పోలీసు తెచ్చి అప్పగించిన రోజుల నుండి తల్లి పక్కన కూర్చునే రోజులకు ఇలా వచ్చాము. మందుల విషయములోనూ ఆ కాలమే మలుపు. మతి చెదరడాన్ని అదుపు చేసే క్లోర్‌ప్రోమజిన్ 1952లో వచ్చింది. తాగితే ఒంటికి పడకుండా చేసే డైసల్ఫిరామ్ 1948 ప్రాంతములో డెన్మార్కులో వచ్చింది.

ఆ రెండవ మందును గూర్చి తల్లులకు, భార్యలకు ఒక మాట. "తాగేవారికి తెలియకుండా మాన్పించండి" అని గోడల మీద ప్రకటనలు మీరు చూసే ఉంటారు. కూరలో కలిపి పెట్టమని ఏదో పొడి ఇస్తారు. అందులో ఈ మందే ఉండి, మనిషి తెలియక తాగితే గుండె దడ, వాంతులు, రక్తపోటు పడిపోవడము, ఒక్కొక్కసారి మరణము. మతి చెదిరే రోగము ఉన్నవారిలో అది ఆ రోగాన్ని ఎక్కువ చేయవచ్చు కూడా. రోగికి తెలిసి, ఒప్పుకొని, వైద్యుడు చూస్తుండగా వేసుకోవలసిన మందది. ప్రేమతోనే కలుపుతారు, నాకు తెలుసు. అయినా చేయకండి.

తాగుడు రోగమే అని మన దక్షిణాదిలో గట్టిగా చెప్పినది ఒక విధవరాలు. మద్రాసులో శాంతి రంగనాథన్ భర్తను తాగుడు వలన చిన్న వయస్సులోనే పోగొట్టుకొని, ఆయన పేరిట 1980లో టి.టి. రంగనాథన్ సంస్థను ప్రారంభించారు. రోగితో పాటు భార్యకు, తల్లికి కూడా అక్కడ వేరుగా బోధ ఉంటుంది. 1992లో ఆమెకు పద్మశ్రీ వచ్చింది.

ఇంత జరిగినా చట్టము మాత్రము రెండు వాకిళ్ళు పెట్టుకొనే ఉన్నది. 1912 చట్టము "పిచ్చివాడు" అనే ఒక్క మాటతో సరిపెట్టింది. 1987 మానసిక ఆరోగ్య చట్టము ఆ మాట తీసివేసింది, మంచిదే. కానీ తాగుడుకు, మత్తుకు లోబడిన వారికి వేరుగా ఆస్పత్రులు పెట్టవచ్చునని చెప్పింది. మత్తు మాన్పించే కేంద్రములు చాలా మట్టుకు సాంఘిక సంక్షేమ శాఖ చూపు క్రింద, మానసిక వైద్యశాలలు వైద్య శాఖ చూపు క్రింద నడిచాయి. ఒకరి ఫైలు ఒకరికి కనబడదు. ఆ తల్లి విన్న రెండు జవాబుల వెనుక ఎవరి చెడ్డతనమూ లేదు, ఈ ఏర్పాటు ఉన్నది.

ఆ రెండు వాకిళ్ళలో దేనికీ చేరలేని వారు ఎక్కడికి పోయారు? 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో తెల్లవారుజామున మంటలు లేచాయి. స్వస్థత కొరకు దర్గా దగ్గరకు తెచ్చిన రోగులను ఉంచే పాకలో గొలుసులతో కట్టివేయబడిన వారు కదలలేక కాలిపోయారు. 28 మంది చనిపోయారు. అది వేరే మతము వారి చోటు గనుక అలా జరిగింది అని దయచేసి ఎవరూ అనుకోకండి. గొలుసు ఏ మతానిదీ కాదు. గెరాసేనుల దేశములో సమాధులలో తిరిగిన మనిషిని గొలుసులతో కట్టినది ఊరివారు. ప్రభువు అతనిని స్వస్థపరచి, వెంట తీసుకొని పోకుండా, ఇంటికి, తన వారి దగ్గరకు పంపించాడు. స్వస్థతశాల పేరిట మన వారి మధ్య ఒక మనిషి కాలికి తాడు కనబడితే, ఏర్వాడిని గుర్తు చేసుకొని ఆ తాడు విప్పించండి.

ఈలోగా అమెరికాలో ఒక పెద్ద సర్వే ఫలితములు 1990లో అచ్చయినాయి. తాగుడు రోగము ఉన్నవారిలో నూటికి 37 మందికి, ఇతర మత్తుపదార్థములకు లోబడిన వారిలో నూటికి 53 మందికి జీవితములో ఎప్పుడో ఒకప్పుడు మరొక మానసిక రోగము కూడా ఉన్నదని తేలింది. అంటే రెండూ కలిసి ఉండడము వింత కాదు, మామూలు సంగతి. అప్పటి నుండి ఒకే బృందము, ఒకే చోట, రెంటికీ ఒకేసారి వైద్యము చేయాలనే పద్ధతి బలపడింది. కారణము తేలికగానే అర్థమవుతుంది. కుంగుబాటును తప్పించుకోవడానికి తాగుతాడు, తాగుడు కుంగుబాటును పెంచుతుంది. ఒక కన్నము పూడ్చి రెండవది వదిలేస్తే పడవలోకి నీళ్ళు రాకుండా ఉంటాయా? వేటకు వెళ్ళేవారికి నేను చెప్పాలా.

మన దేశములో 2019లో వెలువడిన జాతీయ నివేదిక ప్రకారము తాగుడుకు పూర్తిగా లోబడిన ప్రతి 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక సహాయము అందుతున్నది. ఆస్పత్రిలో ఉంచి వైద్యము పొందినవారు 180 మందిలో ఒక్కరు. మీ సంఘములోని వరుసలు లెక్కపెట్టుకోండి.

చట్టములో మార్పు 2017లో వచ్చింది. 2018 మే 29 నుండి అమలులో ఉన్న మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము, మద్యము వలన, మత్తు వలన కలిగే మానసిక స్థితులను కూడా మానసిక రోగము అనే నిర్వచనములోనే చేర్చింది. ఇది నా దృష్టిలో చాలా గొప్ప వాక్యము. 1892 నాటి కాగితములో చోటు లేని రెండవ గడి ఇప్పుడు దొరికింది. అదే చట్టము ఏ రూపములోనైనా గొలుసులతో బంధించడాన్ని నిషేధించింది. రోగులను చేర్చుకునే ఏ సంస్థ అయినా నమోదు చేయించుకోవాలన్నది. కాబట్టి "మత్తు మాన్పించే కేంద్రము" అని బోర్డు చూసి మనిషిని అప్పగించకండి. నమోదు పత్రము చూపమనండి. మానసిక వైద్యుడు ఏ రోజు వస్తాడు, ఫిట్సు వస్తే ఏమి చేస్తారు, ఇంటివారు వచ్చి చూడవచ్చునా అని అడగండి. కొడతారని తెలిస్తే ఆ గుమ్మము ఎక్కకండి.

మరి భోగాపురము నుండి ఎక్కడికి వెళ్ళాలి? హైవే మీద బస్సెక్కితే ఒక పూటలోపే విశాఖపట్నం వాల్తేరు ఆస్పత్రికి చేరవచ్చు. విజయనగరములో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చింది. శ్రీకాకుళములో అంతకు ముందు నుండే ఉన్నది. బయలుదేరలేని రాత్రివేళ 14416 అనే నంబరుకు ఫోను చేయవచ్చు. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వము ప్రారంభించిన టెలి మానస్ అది. డబ్బు పడదు, తెలుగులో మాట్లాడతారు. మత్తు విషయమై 14446 అనే మరొక నంబరు ఉన్నది. డాక్టరు ఎదుట సగము దాచకండి. ఎన్నేళ్ళుగా, రోజుకు ఎంత, చివరిసారి ఎప్పుడు తాగాడు, మాటలు వినబడతాయా, చనిపోతానంటాడా, తాగకుండా ఉన్న రోజులలో ఎలా ఉంటాడు, ఇంటిలో ఇంకెవరికైనా ఇలా ఉన్నదా, ఏ బిళ్ళలు వాడాడు, ఇవన్నీ ఒక కాగితము మీద వ్రాసుకొని వెళ్ళండి. రెండు సంగతులూ ఒకే డాక్టరుకు చెప్పండి. "ముందు అది మాన్పించుకొని రండి" అని ఎవరైనా అంటే, "అయ్యా, రెండూ కలిసి చూసేవారు ఎవరో వ్రాసి ఇవ్వండి" అని నెమ్మదిగా అడగండి.

కాపరులకు ఒక మాట. రోజూ తాగే మనిషిని ఉపవాస ప్రార్థనకు కూర్చోబెట్టే ముందు వైద్యునికి చూపించండి. మానిన తరువాతి రెండు మూడు రోజులే అతి ప్రమాదము. బిళ్ళలు మానేశాను అని వేదిక మీద చెప్పే సాక్ష్యమునకు చప్పట్లు కొట్టించకండి. ప్రభురాత్రి భోజనములో పులియని ద్రాక్షరసమునే వాడితే ఇలాంటి సహోదరుడు తల వంచుకొని బయటికి పోనక్కరలేదు. తప్పి మళ్ళీ తాగి వచ్చినవానిని వెనుక బల్ల మీద కూర్చోనివ్వండి. ఒకటి రెండుసార్లు తప్పడము ఈ రోగములో ఉన్నదే.

ఆ సహోదరుడు ఎలా ఉన్నాడని మీరు అడుగుతారు. ఆ తరువాత రెండుసార్లు తప్పాడు. ఒకసారి మూడు నెలలు కనబడలేదు. ఇప్పుడు వేటకు వెళ్ళడు, వలలు అల్లుతాడు. ఆ మాటలు ఇంకా అప్పుడప్పుడు వినబడతాయట, కానీ దూరముగా, పక్క వీధిలో మైకు వినబడినట్టు. బిళ్ళల డబ్బా తల్లి దగ్గర ఉంటుంది. నెలకొకసారి తెల్లవారుజామునే ఇద్దరూ భోగాపురం జంక్షన్‌లో బస్సెక్కుతారు. వచ్చే సోమవారము వారి వంతు. తల్లికి మోకాళ్ళ నొప్పులు ఎక్కువైనాయి గనుక ఈసారి మన సంఘపెద్ద ఒకరు తోడు వెళ్తున్నారు.